మా బిల్డింగుకు రాని కార్డు

మా బిల్డింగు చిరునామాతో దరఖాస్తు చేస్తే ఏ బ్యాంకూ పెద్ద క్రెడిట్ కార్డు ఇవ్వదు. ఈ సంగతి మా నాలుగు అంతస్తుల్లో అందరికీ తెలుసు. కారణం కూడా తెలుసు. పై అంతస్తులో అద్దెకుంటున్న టైలరమ్మ భర్త ఎప్పుడో వ్యాను కోసం అప్పు తీసుకుని, వాయిదాలు కట్టకుండా ఎటో వెళ్లిపోయాడు. వసూలు మనుషులు గేటు దాకా వచ్చి కేకలు వేసి వెళ్లారు. ఆనాటి నుంచి మా చిరునామా బ్యాంకుల కంప్యూటర్లలో నల్లజాబితాకు ఎక్కిందట. మొదటి అంతస్తు ఇంజనీరుగారికి కారు లోను రాకపోవడం ఒక సాక్ష్యం. ఎదురు ఫ్లాటు లాయరుగారికి కార్డు రాకపోవడం రెండో సాక్ష్యం.

ఆ జాబితాను కళ్లతో చూసినవారు ఎవరైనా ఉన్నారా అని అసోసియేషన్ సమావేశంలో ఒకసారి అడిగాను. "గాలిని చూశారా మాస్టారూ?" అన్నారు సెక్రటరీగారు. గాలిని తూచవచ్చునని నేను చెప్పబోయే లోపల చర్చ నీళ్ల ట్యాంకు మీదికి మళ్లిపోయింది.

కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. కాకి వాలగానే తాటిపండు పడిందంటే, కాకిని తోలే ముందు ఆ పండు ముచ్చికను ఒకసారి చూడాలనుకునే రకం. కానీ ఈ పుకారును నేను అంతగా పట్టించుకోలేదు. ఎవరికీ హాని చేయని నమ్మకంతో పోట్లాడటం, ఎండలో టార్చిలైటు వేయడం వంటిది. ఆ ఏడు ఏప్రిల్లో అది మా ఇంట్లోకే వచ్చింది. టైలరమ్మ ఉంటున్న ఫ్లాటు మాదే.

మావాడు నీటి పంపులు తయారుచేసే కంపెనీలో మేనేజరు. నెలకు నాలుగైదు విమాన ప్రయాణాలు. ఒక సాయంత్రం టూరు నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు.

"రాలేదు," అన్నాడు.

"సూట్‌కేసా?" అంది మా కోడలు. ఆమె పళ్ల డాక్టరు. ఎదుటివాడికి ఎక్కడ నొప్పో చూడకుండా ముట్టుకోదు. ఇంట్లో మాత్రం ఆ నియమం పాటించదు.

"కార్డు. ఉన్నదాన్ని పెద్ద కార్డుగా మార్చమని అడిగాను కదా. కుదరదన్నారు."

ఫోను మాకు చూపించాడు. 'మీ అభ్యర్థనను ప్రస్తుతం ఆమోదించలేకపోతున్నాము' అన్న ఒక్క వాక్యం ఉంది. అంతకు మించి ఒక్క అక్షరం లేదు.

"దానితో పాయింట్లు ఎక్కువ వస్తాయనేగా? పోతే పోయాయి," అంది మా ఆవిడ.

"పాయింట్ల కోసం కాదమ్మా. ఎయిర్‌పోర్టులో లాంజి ఉంటుంది. మా బాస్, కాంట్రాక్టర్లు అందరూ కార్డు చూపించి ఆ అద్దాల తలుపు వెనక్కి వెళ్లిపోతారు. నేను బయట ఇనప కుర్చీలో బ్యాగులకు కాపలా. లోపల కూర్చున్న గంటలోనే సగం ఆర్డర్లు ఖాయమవుతాయి. నేను వెళ్లేసరికి చేతులు కలపడం అయిపోయి ఉంటుంది."

"లోపల అంత గొప్పగా ఏముంటుంది?" అంది కోడలు.

"సోఫా ఉంటుంది."

"మనకీ ఉందిగా. బాస్‌నే ఇక్కడికి పిలవండి."

వాడు నవ్వలేదు. ఆసుపత్రులు కట్టే పెద్ద కాంట్రాక్టరుకు, జులై ప్రయాణంలో తన అతిథిగా లాంజికి తీసుకువెళ్తానని మాట ఇచ్చేశాడట. కొత్త ప్రాంతానికి అధికారిగా ఎవరిని వేయాలో కంపెనీ తేల్చేది కూడా ఆ ప్రయాణం తర్వాతే.

"జీతం పెరిగింది. ఒక్క బిల్లు కూడా ఆలస్యం చేయలేదు. ఇంకెక్కడా ఒక్క రూపాయి అప్పు లేదు," అని వేళ్లు ముడిచాడు. "ఇక మిగిలిందేంటి నాన్నా? అడ్రసే."

"ఉన్న కారణాలన్నీ నీ వేళ్ల మీదే ఉన్నాయని రూఢి అయితే మిగిలింది అదే," అన్నాను.

"ఇప్పుడు లెక్చరు వద్దు నాన్నా."

 వాడు అక్కడితో ఆగలేదు. టైలరమ్మ అద్దె ఒప్పందం ఆ నెలాఖరుతో ముగుస్తుందని గుర్తు చేశాడు. "ఈసారి పొడిగించడానికి నేను సరే అనను," అన్నాడు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆస్తికి సంబంధించిన ఏ నిర్ణయమైనా బల్ల చుట్టూ ఉన్న నలుగురూ సరే అంటేనే జరుగుతుంది. ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. ఈ పద్ధతి పెట్టినవాణ్ని నేనే. కొడుక్కి చిన్నతనంలోనే ఓటు ఇచ్చాను. అందుకు గర్వపడేవాణ్ని కూడా.

మరునాడు పైకి వెళ్లాను. టైలరమ్మ ముందుగదిలో మనిషి నిలబడే చోటు లేదు. ఒక గోడ వారగా నీలం గుడ్డ తానులు, మరో గోడ వారగా కత్తిరించి కట్టలు కట్టిన చొక్కా ముక్కలు, కిటికీ కింద మిషను. స్కూలు యూనిఫారాల కాలం అది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆమె కుట్టేదే ఏడాది పొడుగునా ఆమెకు తిండి.

"కూర్చోండి సార్. ఆ తాను మీద కూర్చున్నా పరవాలేదు, మడత పోదు," అంది, పాదం మిషను మీద నుంచి తీయకుండానే.

"ఒప్పందం గురించి వచ్చానమ్మా."

"తెలుసు సార్. అబ్బాయిగారికి కార్డు రాలేదటగా. లిఫ్టులో చెప్పుకుంటున్నారు." దారం తెంపి నా వైపు తిరిగింది. "బడులు తెరిచేదాకా ఉండనిస్తే చాలు. ఈ స్కూలు ఆర్డరు ఇక్కడి నుంచి ఇచ్చేస్తే, తరవాత నేనే వేరేచోటు చూసుకుంటా."

"ఆ వ్యాను అప్పు ఏమైంది? అడగకూడదేమో."

"ఇన్నేళ్లలో అడిగింది మీరొక్కరే. వ్యానును బ్యాంకువాళ్లే తీసుకుపోయారు. తక్కువ పడింది నేను కుట్టి కట్టాను. తీరిపోయి నాలుగేళ్లయింది."

"అలాంటప్పుడు ఆ మాట అసోసియేషన్లో చెబితే సరిపోతుంది కదా. నేను చెబుతాను."

ఆమె చిన్నగా నవ్వింది. "చెబితే ఏమంటారు సార్? అప్పు తీర్చినావిడ అంటారా? అప్పు అన్నమాటే గుర్తుంటుంది, తీర్చినమాట గుర్తుండదు. మీరు నాలుగు సార్లు చెబితే నాలుగు సార్లు అప్పు అన్నట్టవుతుంది."

 కిందికి వచ్చాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ విషయం ఓటుకు వచ్చింది. టైలరమ్మను జూన్ నెలాఖరు దాకా ఉండనివ్వాలన్నది నా ప్రతిపాదన.

"నేను సరే," అంది మా ఆవిడ. ఆమె పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. "వార్డులో ఒకడికి జ్వరం తగ్గలేదని పక్క మంచం మీదివాణ్ని ఇంటికి పంపేవాళ్లం కాదురా."

"అమ్మా, ఇది ఆసుపత్రి కాదు."

"కాదు. ఆసుపత్రిలో అయితే ముందు పరీక్ష చేస్తారు."

"నేనూ సరే," అంది కోడలు. "ఆవిడ కుట్టిన తెరలు చూశారా అత్తయ్యా? కొలతలో వేలెడు తేడా లేదు."

అందరం మావాడి వైపు చూశాం. వాడు పళ్లెంలోకి చూస్తూ నెమ్మదిగా మాట్లాడాడు. "నాకు ఆవిడ మీద కోపం లేదు నాన్నా. మీరు చెప్పేది నిజమే కావచ్చు. నిజం కాకపోతే నష్టపోయేది మీరు కాదు, నేను. మీకు ఇది ప్రయోగం. నాకు ఉద్యోగం. మేలో ఖాళీ చేస్తే, జులై ప్రయాణం లోపల ఇంకోసారి అప్లై చేసుకుంటా. సరే అనలేను."

ఏకగ్రీవం కాలేదు. పొడిగింపు ఆగింది. ఖాళీ చేయమన్న మాటకు నేనూ సరే అనలేదు. కనుక అదీ ఆగింది. మా ఆనవాయితీ ప్రకారం ఆమె ఉండటానికీ వీల్లేదు, వెళ్లడానికీ వీల్లేదు. "బాగుంది మన రాజ్యాంగం," అంటూ మా ఆవిడ గిన్నెలు సర్దింది.

మేము తేల్చలేనిదాన్ని బిల్డింగు తేల్చింది. సెక్రటరీగారు ఉదయం తొమ్మిది నుంచి భోజనం వేళ దాకా గేటు పక్క కుర్చీ వేసుకుని కూర్చుంటారు. వచ్చేవారినీ పోయేవారినీ పలకరించడం ఆయనకు జీతం లేని ఉద్యోగం. టైలరమ్మ కోసం వచ్చేవారితో, "పైన ఎన్నాళ్లుంటుందో తెలీదమ్మా, అడ్వాన్సు ఇచ్చేముందు ఆలోచించుకోండి," అనడం మొదలుపెట్టారు. ఆయన చెడ్డవారు కారు. లిఫ్టు చెడిపోతే మా ఆవిడ సంచీని ఆయనే మోసుకుంటూ పైకి తెచ్చిపెడతారు. తాను చేస్తున్నది అందరి మేలు కోసమేనని నమ్మారు.

"సెక్రటరీగారూ, మన బిల్డింగులో కార్డు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో ఎప్పుడైనా కనుక్కున్నారా?" అని అడిగాను.

"వస్తే చెప్పరా మాస్టారూ?"

"రానివాళ్లు చెబుతారు. వచ్చినవాళ్లు చెప్పాల్సిన పనేముంది?"

"నిప్పు లేనిదే పొగ రాదు," అన్నారాయన.

"పొగ అనుకున్నది ఆవిరి కూడా కావచ్చు."

"మరి ఆవిరికైనా నిప్పు కావాలిగా," అన్నారు. ఆ విషయంలో ఆయన చెప్పింది సరైనదే. 

మే మధ్యలో ఒక మధ్యాహ్నం టైలరమ్మ తాళం చెవితో కిందికి వచ్చింది. స్కూలు తరఫున ఆర్డరు చూసే మనిషి వచ్చి సగం తానులు వెనక్కి తీసుకుపోయాడట. మధ్యలో ఖాళీ చేస్తే పిల్లల బట్టలు ఎక్కడ వెతుక్కోవాలని అడిగాడట.

"బజారు వెనకాల ఇనప సామాను కొట్టు పక్కన గది దొరికింది. రేపు వెళ్లిపోతా," అంది.

"ఎవరూ వెళ్లమనలేదమ్మా," అన్నాను.

"ఉండమనీ అనలేదుగా సార్. మీ ఇంట్లో నా గురించి మాటలెందుకు?"

"నీ వల్ల ఎవరికీ ఏమీ ఆగలేదు. దానికి రుజువు లేదు."

"రుజువు లేదని నాకూ తెలుసు సార్. బట్టలు కుట్టించుకునేవాళ్లకు తెలియాలిగా."

మా ఆవిడ ఆమెను లోపలికి తీసుకువెళ్లి కూర్చోబెట్టి, టీ ఇచ్చింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

మర్నాడు సామాను దింపే మనుషులు ఇద్దరే వచ్చారు. మిషను కింది ఇనప స్టాండు మెట్ల మలుపులో ఇరుక్కుంది. ఆఫీసుకు బయలుదేరుతున్న మావాడు బ్యాగు పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఒక కొస పట్టుకుని గేటు దాకా మోశాడు. టైలరమ్మ "జాగ్రత్త బాబూ, చొక్కాకు నూనె అంటుతుంది," అంది. అంటింది కూడా. వాడు లోపలికి వచ్చి వేరే చొక్కా వేసుకుని వెళ్లాడు.

తర్వాత ఇంట్లో మరే గొడవా జరగలేదు. నెత్తిన నడిచే మిషను చప్పుడు పోయింది. మధ్యాహ్నం పూట ఆ చప్పుడు ఉన్నంతకాలం నాకు నిద్ర పట్టేది. ఇప్పుడు పట్టడం లేదు. కోడలు ఒకసారి ఆ కొత్త గదికి వెళ్లి వచ్చింది. "గాలి రాదు మామయ్యగారూ. పగలే లైటు వేసుకుని కుడుతోంది. ఆ కొట్టులో రేకులు కోసే చప్పుడుకు మనం అరిచినా వినపడదు," అని చెప్పింది. మిగిలిన సగం ఆర్డరు బడులు తెరిచే నాటికి పూర్తికాలేదట. ఆ విషయం మాత్రం మావాడు లేనప్పుడు చెప్పింది.

జులై మొదట్లో, వానలు పడుతుండగా, మావాడు మళ్లీ దరఖాస్తు చేశాడు. పై ఫ్లాటు అప్పటికింకా ఖాళీగానే ఉంది. "ఇక దారి తెరుచుకున్నట్టే," అని సెక్రటరీగారు వాడి భుజం తట్టారు. నాలుగో రోజున జవాబు వచ్చింది. అదే వాక్యం. ఒక్క మాటైనా మారలేదు.

వాడు ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. నా వైపు చూడలేదు.  కారణమనుకున్నదాన్ని తొలగించినా ఫలితం మారకపోతే అది కారణం కాదు. క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన వాక్యం నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ సమయంలో అది విజ్ఞానం అనిపించుకోదు. దెప్పిపొడుపు అనిపించుకుంటుంది.

సెక్రటరీగారికి మాత్రం అనుమానం రాలేదు. "జాబితాలోంచి తీయడానికి టైం పడుతుంది మాస్టారూ. ఎక్కినంత తొందరగా దిగుతుందా?" అన్నారు. ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరని సిద్ధాంతం అది.

"రేపు పెన్షను పని మీద బ్యాంకుకు వెళ్తున్నాను," అంది మా ఆవిడ కొడుకుతో. "నీ కార్డూ అక్కడిదేగా, నువ్వూ రా. కనుక్కుందాం."

"కారణాలు చెప్పరమ్మా."

"అడగనివాళ్లకు ఎలాగూ చెప్పరు."

ముగ్గురం వెళ్లాం. బ్యాంకులో మా ఆవిడ పని చూసే అధికారిణి సన్నగా, కళ్లజోడును గొలుసుతో మెడలో వేసుకుని ఉంది. పెన్షను పని అయ్యాక మావాడు కుర్చీ ముందుకు జరిపి, "మేడమ్, ఒక్కమాట. మా అడ్రసు మీ దగ్గర నల్లజాబితాలో ఉందా?" అన్నాడు.

"అడ్రసా?" ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "అడ్రసుకు జాబితా ఏంటి సార్? అడ్రసు ఎందుకంటే కార్డు పంపడానికి. మీ నంబరు చెప్పండి."

చెప్పాడు. ఆమె కంప్యూటరులో చూసి, "మీ కార్డు మీద అసలు వాడకమే లేదు కదా సార్. ఏడాదిలో పెట్రోలు మూడు సార్లు పోయించారు, అంతే. ఉన్నదే వాడనివాళ్లకు పెద్దది ఎలా ఇస్తారు?" అంది.

"వాడకం లేకపోవడమేంటి? టిక్కెట్లు, హోటళ్లు, ఇంటి సరుకులు, ఫ్రిజ్జు, అన్నీ కార్డు మీదే కొంటాను." పర్సులోంచి తీసి చూపించాడు. "ఇదిగోండి. నా పేరే ఉంది."

ఆమె దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పింది. "పేరు మీదే సార్. ఖాతా అమ్మగారిది. ఇది అమ్మగారి కార్డుకు పిల్లకార్డు. దీంతో మీరెంత కొన్నా, ఆ కొనుగోలంతా అమ్మగారు చేసినట్టే లెక్క."

మా ఇంటి మరో ఆనవాయితీ ఇక్కడ బయటపడింది. ఇంట్లో ఖర్చుకు ఒకటే సంచి ఉండాలన్నది మా ఆవిడ నియమం. అందుకే ఆమె కార్డు మీదే కొడుక్కి ఒకటి, కోడలికి ఒకటి తీయించింది. పాయింట్లన్నీ ఒకేచోట పడతాయని అందరం సంతోషించాం. మావాడు తన సొంత కార్డును సొరుగులో భద్రంగా దాచుకుని, దాన్ని పెద్దది చేయమని బ్యాంకును రెండుసార్లు అడిగాడు.

వాడు ఆ కార్డు తిరిగి తీసుకుని పర్సులో పెట్టుకున్నాడు. తర్వాత, "అంటే పెద్ద కార్డు అమ్మ అడిగితే ఇస్తారా?" అన్నాడు.

"అడగడమేంటి సార్? ఇచ్చేశాం కదా," అంది ఆమె. "ఏప్రిల్లో మావాళ్లు ఫోన్ చేసి అడిగారు. అమ్మగారు సరే అన్నారు."

అందరం మా ఆవిడ వైపు తిరిగాం. ఆమె కాస్త ఆలోచించింది. "ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. బట్టలు ఆరేస్తున్నాను. పొద్దున్నుంచి ఎంతమందితో ఏం తిట్లు తిన్నదో, గొంతు నీరసంగా ఉంది పాపం. ఏదడిగినా సరే సరే అన్నాను. అదేనా?"

"అదేనండీ. కార్డు అప్పుడే తయారై మీ ఇంటికి బయలుదేరింది. మరి తీసుకోలేదేం?"

"మాకేం రాలేదమ్మా," అంది మా ఆవిడ. "రోజంతా ఇంట్లోనే ఉంటాను."

అధికారిణి లేచి, వెనక ఇనప బీరువాలోంచి అంటించిన కవరు ఒకటి తెచ్చి మా ముందు పెట్టింది. పైన మా ఆవిడ పేరు, మా ఫ్లాటు నంబరు, మా బిల్డింగు పేరు ఒక్క పొరపాటు లేకుండా ఉన్నాయి. ఆమె మళ్లీ కూర్చుని కంప్యూటరులో చూసింది.

"ఏప్రిల్ ఇరవై ఆరున కొరియర్ అతను మీ గేటు దాకా వచ్చాడు. ఈ బిల్డింగులో ఈ కార్డు ఎవరికీ రాదు, అడ్రసు తప్పయి ఉంటుందని అక్కడెవరో పెద్దాయన చెప్పి పంపించేశారట. అందుకని వెనక్కి వచ్చింది."

టైలరమ్మ ఖాళీ చేసింది మే పదిహేనున.